బావ కట్టిన చక్రం, కాగితం చుట్టి వచ్చిన చక్రం

మొన్న మోకాళ్ళ నొప్పి చూపించుకుందామని కరీంనగర్ దవాఖానకు వెళితే, ఎక్స్‌రే గది దాకా నడిచే ఓపిక నాకు లేదని చూసి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ వసారా పొడుగునా కుర్చీ కుడి చక్రం చుట్టుకొకసారి పక్కకు ఊగి, సర్దుకుని, మళ్ళీ ఊగుతూ పోతున్నది. నెట్టే మనిషికి అది తెలియలేదు. చుట్టూ కూర్చున్న వాళ్ళకు వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి. నాకు మాత్రం ప్రతి ఊపూ నడుములో తెలుస్తున్నది. నా చెయ్యి నన్నడగకుండానే కిందికి దిగి, చక్రం పుల్లల్లో ఏది వదులయిందో వెతకడం మొదలుపెట్టింది.

"తాతా, చెయ్యి పైకి వెట్టుకో, ఇరుకుతది" అన్నాడు నెట్టే మనిషి.

పెట్టుకున్నాను. ఎక్స్‌రే తీశారు, మందులు రాశారు, బస్సెక్కి మెట్‌పల్లి వచ్చి మంచం మీద నడుము వాల్చాను. ఒంట్లో ఎక్కడా సత్తువ లేదు గానీ మనసు మాత్రం, ఎవరూ పిలవకపోయినా, మా బావ ఇంటికి పోయి కూర్చుంది. అరవై ఏళ్ళు దాటిన ఆ సంగతిని ఇంతవరకు నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు నా ఈడు వాళ్ళు, మీరే.

సైకిలు ఒక ఇంటికి వచ్చిందంటే ఇరవై ఏళ్ళు ఉండేదని మీకు గుర్తుండే ఉంటుంది. చట్రం అదే ఉండేది, చక్రాలు మాత్రం మన బండిబాటల పుణ్యమా అని రెండు మూడు సార్లయినా మారేవి. నిజాం సర్కారు నాటి సైకిలుకు ఆంధ్రప్రదేశ్ వచ్చాక వేసిన చక్రాలు, అప్పుడు కొన్న సీటు, ఇప్పుడు దొరికిన గంట, ఇలా ఒక్కో సైకిలు రెండు మూడు ప్రభుత్వాలను మోస్తూ తిరిగేది. చక్రం పాడయితే రిమ్ము, నడుమ ఉండే హబ్బు, ఒక కట్ట పుల్లలు విడివిడిగా తెచ్చి ఇస్తే, తెలిసిన మేస్త్రీ వాటిని అల్లి చక్రం కట్టి ఇచ్చేవాడు. కార్ఖానాలో పూర్తిగా తయారై, గోధుమరంగు కాగితం చుట్టుకుని వచ్చే రెడీమేడు చక్రాలు మా వైపు కనబడడం నేను పనిలో చేరిన తర్వాతనే మొదలైంది.

మా అక్క పెనిమిటి అట్లా చక్రాలు కట్టేవాడు. పుట్టుకతో మా లాగే నేతపని వాళ్ళు. పోలీసు చర్య తర్వాత కొన్నాళ్ళు నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు, పొట్ట చేతపట్టుకుని నిజామాబాద్ పోయి, అక్కడ ఒక సైకిలు దుకాణంలో ముసలి ఉస్తాద్ దగ్గర మూడు నాలుగేళ్ళు ఉండి ఈ విద్య నేర్చుకున్నాడు. తిరిగి వచ్చాక దుకాణం పెట్టలేదు. ఇంట్లో ఉన్న మగ్గం గుంటనే దుకాణం చేసుకున్నాడు. గుంట మగ్గం చూసిన వాళ్ళకు తెలుస్తుంది, నేతగాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి వేలాడేసి నేస్తాడు. మా బావ మగ్గం విప్పేసి, ఆ గుంట ముందు ఒక పాత సైకిలు చిమ్టాను, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ఇనుప కాళ్ళను, తలకిందులుగా పాతి, అందులో చక్రాన్ని బిగించి, తాను మాత్రం ఎప్పటి లాగే గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలో వేసుకుని పని చేసేవాడు. పడుగు ఉండవలసిన చోట చక్రం తిరుగుతూ ఉండేది. పడుగు బిగువు చూడడానికి నేతగాడు వేళ్ళ వెనక వైపుతో దారాలను మెల్లగా తాకుతాడే, సరిగ్గా అట్లాగే ఆయన పుల్లలను తాకేవాడు. మీటడం కాదు, తాకడమే. ఏ పుల్ల వదులో, ఏ పుల్ల బిర్రో ఆ తాకిడికే తెలిసిపోయేది. చిన్న ఇనుప చావీతో పుల్ల కొసన ఉండే నట్టును పావు చుట్టు తిప్పి, మళ్ళీ తాకేవాడు.

ఇంకొక అలవాటు కూడా ఉండేది. చక్రం కట్టమని వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి, ఏం మోస్తావు, ఏ తొవ్వల పోతావు, ఎక్కేటప్పుడు ఎటు ఒరుగుతావు అని అడిగేవాడు. ఆ మనిషి చేత సైకిలు ఎక్కించి, దింపించి చూసేవాడు. ఒకసారి బాగా ఒళ్ళున్న పట్వారీ వస్తే, తిప్పి తిప్పి చూసి, "చక్రం నీకు కట్టాల్నా, నీ పొట్టకు కట్టాల్నా పట్వారీ సాబ్? పొట్టకైతె జర పెద్ద రిమ్ము తేవాలె" అన్నాడు. పట్వారీ కూడా నవ్వాడు. మా బావ అంటే ఎవరికీ కోపం వచ్చేది కాదు.

కట్టిన చక్రాన్ని ఇచ్చేటప్పుడు మాత్రం నవ్వకుండా ఒక మాట చెప్పేవాడు. ఎనిమిది రోజులు తొక్కి, బరువు మోసి, మళ్ళీ తీసుకురమ్మనేవాడు. అప్పటిదాకా చక్రం తనదేననీ, ఆ తర్వాతనే తొక్కేవాడిదనీ అనేవాడు. కొత్తగా అల్లిన పుల్లలు బరువు పడ్డాక కుదురుకుంటాయి, కుదురుకున్న చోట వదులవుతాయి, అప్పుడు రెండోసారి చావీ పడితే ఇక ఏళ్ళ తరబడి చూడనక్కరలేదు. ఆ రెండోసారి అయ్యేదాకా పని పూర్తయిందని ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా తిరిగి రాకపోతే తానే చావీ జేబులో వేసుకుని వాళ్ళ ఊరికి పోయేవాడు.

ఇక నా సంగతి. నేను ఉర్దూ బడిలో నాలుగో జమాత్ దాకా చదివాను. ఆ తర్వాత నన్ను చదివించింది మా ఊరి గ్రంథాలయమే. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, పెంకుల సందులోంచి బల్ల మీద పడే ఎండ, అంతే ఆ గ్రంథాలయం. పొద్దు జరిగినకొద్దీ ఆ ఎండ మరక ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి జరిగేది, నేనూ దానితోపాటే జరిగేవాణ్ణి. తెలుగు అక్షరాలు అక్కడే దిద్దుకున్నాను. తెలుగు వచ్చాక ఒక చిరిగిన నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మొదలుపెట్టాను. వ్యవసాయం, వైద్యం, నక్షత్రాలు, చేపల పెంపకం, ఏది దొరికితే అది చదివాను. మా అవ్వ అడిగేది, చేపలు పెంచుతవా బిడ్డా అని. నవ్వేవాణ్ణి గానీ, మా కులంలో, మా వాడలో ఇంత చదివిన వాడు ఇంకొకడు లేడని లోపల గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని ఇప్పుడు దాచి లాభం లేదు.

ఆ చదువు వల్లనే మా ఊరి నేతగాళ్ళ సంఘంలో నాకు గుమాస్తా పని దొరికింది. మా బాపుకు అన్న, నాకు పెద్దబాపు, ఆ సంఘానికి పెద్ద. నూలు మా ఊరికి వచ్చేది. దాన్ని మూటలు కట్టి ఆరు సైకిళ్ళ మీద చుట్టుపక్కల ఊళ్ళలోని మగ్గాల ఇండ్లకు పంపేవాళ్ళం. నేసిన గుడ్డ అవే సైకిళ్ళ మీద తిరిగి వచ్చేది. ఒక ఏడు వానలకు బాటలన్నీ కోసుకుపోయి, ఆ ఆరు సైకిళ్ళ చక్రాలూ ఒక్కసారే పాడయ్యాయి. అన్నింటికీ కొత్త చక్రాలు కావాలి. ఆ పని తనకే వస్తుందని మా బావ అనుకున్నాడు, మా అక్క అనుకుంది, నేనూ అనుకున్నాను. అప్పటికి ఊళ్ళో ఆయనకు పని పలచబడింది. ఈ పని వస్తే ఏడాది నిలబడతాడు. సంఘానికి కట్టిన మేస్త్రీ అని పేరు వస్తే పక్క ఊళ్ళ వాళ్ళూ వస్తారు. రాకపోతే బొగ్గుబాయి పనికి పోవడమేనని, ఆయన తమ్ముడు ఒకడు అప్పటికే బెల్లంపల్లిలో ఉన్నాడు కాబట్టి, ఇంట్లో మాట నడుస్తున్నది. అక్క చిన్న పిల్లలను ఎత్తుకుని మా అవ్వ దగ్గరికి వచ్చి ఈ సంగతులన్నీ చెప్పుకునేది.

సరిగ్గా అప్పుడే కరీంనగర్‌లో రెడీమేడు చక్రాలు దిగాయి. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏవి మంచివో తేల్చమని పెద్దబాపు నలుగురి ముందు నన్ను అడిగాడు. మా సంఘంలో చేతికి తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నా, కాగితం చదివి చెప్పగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే.

నేను గ్రంథాలయానికి పోయాను. ఎవరో దొర వెళ్ళిపోతూ ఇచ్చిపోయిన ఇంగ్లీషు పుస్తకాలలో సైకిలు మరమ్మత్తు గురించి ఒకటి ఉంది. చక్రాల అధ్యాయాన్ని నిఘంటువు సాయంతో మూడు రోజులు చదివాను. చక్రానికి బలం ఇచ్చేది పుల్లల లావు కాదు, అన్ని పుల్లలకూ సమానంగా ఉండే బిగువు అని అందులో ఉంది. యంత్రం కంటే సమానంగా బిగించే చెయ్యి ఉంటుందా అని నాకు నేనే అనుకున్నాను. ఆ ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, అధ్యాయం చివర మూడు నాలుగు పుటలు మిగిలి ఉండగానే పుస్తకం తిరిగి ఇచ్చేశాను. గడువు ఇంకా రెండు రోజులు ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు. తెలుసుకోవలసింది తెలిసిపోయిందనిపించింది, అంతే.

అయినా ఊరికే చెబితే బావ పక్షమో, బావ మీద కక్షో అంటారని, ఒక పరీక్ష పెట్టాను. శాస్త్రం పుస్తకాల్లో చదివిన పద్ధతే. ఒకటే సైకిలు, ఒకటే మూట, ఒకటే బాట, ఒకడే మనిషి. ఒక రోజు రెడీమేడు చక్రం వెనక బిగించి ఇబ్రహీంపట్నం దాకా పోయి రావాలి, మరుసటి రోజు బావ కట్టిన చక్రంతో. తొక్కేది మా చిన్నాయన కొడుకు, నాకు అన్న. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు కొంచెం పొట్టిదయింది, అయినా సంఘంలో అందరికంటే ఎక్కువ మోసేది ఆయనే. బావ ఆయన్ని పదిసార్లు ఎక్కించి దింపించి, ఆ ఒరిగే పక్కకు తగ్గట్టు పుల్లలు ఏరి, చక్రం కట్టాడు.

పరీక్ష ముందు రోజు బావ సంఘం దగ్గరికి వచ్చి పెద్దబాపుతో, "ఒక్క ఎన్మిది దినాలు ఆగుండ్రి. నా చక్రం ఒకసారి తిరిగి నా చేతికి రానియ్యుండ్రి. గప్పుడు సూడుండ్రి" అన్నాడు.

పెద్దబాపు నా దిక్కు చూశాడు.

"గదేం పరీక్ష బావా" అన్నాను. "ఒకదానికి రెండుసార్లు చావీ పెట్టి, ఇంకోదాన్ని ఒక్కసారి గూడ ముట్టకుంటే సమానమెట్లయితది? కొత్తదాన్ని కొత్తదానితోనే చూడాలె. పుస్తకాలల్ల గట్లనే ఉంటది."

బావ నోరు తెరిచి ఏదో చెప్పబోయి ఆగాడు. అక్కడ పదిమంది ఉన్నారు, అందరూ నా మాటకు తలలూపుతున్నారు. "సరే తియ్ బామ్మర్ది. సదివినోడివి, నీ లెక్క నీకుంటది" అని వెళ్ళిపోయాడు.

రెండు రోజులూ ఎండ బాగానే ఉంది. రెండు చక్రాల మీదా ఒకటే మూట పడింది. రెండో రోజు బావ చక్రం పోతున్నంత సేపూ పుల్లలు కుదురుకుంటూ టిక్కు టిక్కుమంటూనే ఉన్నాయని అన్న చెప్పాడు. తిరిగి వచ్చాక నేను ఒక సుద్దముక్కను రిమ్ముకు దగ్గరగా కదలకుండా పట్టుకుని చక్రం తిప్పాను. ఊగని చక్రానికి సుద్ద అంటదు, ఊగిన చోట మాత్రం గీత పడుతుంది. రెడీమేడు చక్రానికి ఎక్కడా గీత పడలేదు. బావ చక్రానికి రెండు చోట్ల తెల్లగా పడింది. రెండు చిన్న గీతలు, వేలంత పొడుగు కూడా లేవు. నేను వాటిని అందరికీ వేలు పెట్టి చూపించాను.

"సుద్దముక్కకు సుట్టరికం తెల్వది గద" అన్నాడు పెద్దబాపు, మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు.

బావ మాత్రం నవ్వాడు. "పర్వలే బామ్మర్ది. సుద్దముక్కకు ఓడిపోయిన గని నీకు గాదు" అన్నాడు. ఆ గీతలను అంగీ కొసతో తుడిచి, చక్రాన్ని భుజాన తగిలించుకుని నడుచుకుంటూ పోయాడు. ఆ రోజు న్యాయం చేశానని నాకు ఛాతీ ఉబ్బింది. సొంత బావ అని కూడా చూడలేదని వాడలో నా గురించి పదిమంది చెప్పుకున్నారు, నేను విన్నాను, బాగుండింది.

సంఘం రెడీమేడు చక్రాలు తెచ్చుకుంది. సంఘమే తెచ్చుకుందంటే అవే మంచివని తక్కినవాళ్ళూ తెచ్చుకున్నారు. రెండు మూడు నెలల్లో మగ్గం గుంట దగ్గరికి వచ్చేవాళ్ళు లేకుండా పోయారు. బావ ముందు తానొక్కడే బెల్లంపల్లి పోయాడు, తర్వాత అక్కను, పిల్లలను తీసుకుపోవడానికి వచ్చాడు. బయలుదేరే రోజు అక్క మా ఇంటికి వచ్చి అవ్వ పక్కన కాసేపు కూర్చుంది. నేను ఏదో పత్రిక చదువుతున్నట్టు తల వంచుకుని ఉన్నాను.

"గా పత్రికల జర మా ముచ్చట ఏమన్న ఉంటె సదివి చెప్పు తమ్మీ" అంది అక్క. అరవలేదు, ఏడవలేదు. లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగైదు నెలలు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక సైకిలుకు ఒక పుల్ల తెగింది. మరో వారానికి ఇంకొకదానికి రెండు. ఒక పుల్ల తెగితే దాని బరువు పక్క పుల్లల మీద పడుతుంది, అవీ తెగుతాయి. వానాకాలం మొదలయ్యేసరికి ఆరు సైకిళ్ళూ ఊగడం మొదలుపెట్టాయి. పొట్టికాలు అన్న చక్రం ఒక మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం బాటలో పూర్తిగా వంగిపోతే, నూలు తడవకుండా తన దుప్పటి కప్పి, సైకిలు వెనక చక్రాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ కాలుతో ఊరిదాకా నడిచి వచ్చాడు. సంఘం ముందు మూట దింపి, నన్ను చూసి నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు.

"చక్రం మంచిదేరా తమ్మీ. తొవ్వ మంచిగ లేదు. నేనె ఎక్కన్నో గుంతల దించిన" అన్నాడు.

మందలిస్తాడనుకున్నాను. ఆయన నాకే సర్దిచెప్పాడు. తక్కిన ఐదుగురూ అంతే. బాట పాడయిందన్నారు, మూట ఎక్కువయిందన్నారు, తమకు తొక్కడం రాలేదన్నారు. చక్రం బాగాలేదని మాత్రం ఒక్కడూ అనలేదు, ఎందుకంటే అది మంచిదని చదువుకున్న వాడు చెప్పాడు.

మరుసటి రోజు పొద్దున గ్రంథాలయం తెరవగానే పోయి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. నేను వదిలేసిన పుటలు తెరిచాను. నిఘంటువు పెద్దగా అక్కరపడలేదు. కొత్త చక్రం ఏదైనా సరే, చేత్తో కట్టినదైనా, కార్ఖానాలో చేసినదైనా, కొన్నాళ్ళు బరువు మోసిన తర్వాత దాని పుల్లలను మళ్ళీ బిగించాలి, లేకపోతే అది నిలవదు అని అక్కడ ఉంది. వదిలేసిన మొదటి పుటలోనే, తక్కిన పుస్తకమంత లావు అక్షరాలలో. బావ చక్రం మొదటి రోజే కుదురుకోవడం మొదలుపెట్టింది, కాబట్టి గీతలు పడ్డాయి. ఈ చక్రాలు మెల్లగా, ఎవరూ చూడకుండా వదులయ్యాయి. వాటిని తిరిగి తెమ్మనే మనిషి లేడు. కార్ఖానా చక్రంలో దోషం లేదు. ఎనిమిదో రోజున దానికి ఒక బావ కావలసి ఉండింది, ఆ బావను నేనే ఊళ్ళోంచి పంపించాను.

ఆ పుట సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఊళ్ళో అది చదవగలిగేవాళ్ళు ఇంకొకరు లేరు కాబట్టి చెప్పకపోయినా నడిచిపోయింది. ఒక చావీ కొని, ఆ పుస్తకం ముందు పెట్టుకుని, ఆరు సైకిళ్ళ చక్రాలూ నేనే బిగించడానికి కూర్చున్నాను. చదివినది చేతికి రాలేదు. ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క ఊగేది. చివరికి ఒక చక్రాన్ని గోనెసంచిలో చుట్టుకుని, బావకు చూపిస్తానని, నిజానికి ఆ పుట సంగతి చెప్పేసి బరువు దించుకుందామని, పెద్దపల్లిలో రైలెక్కి బెల్లంపల్లి పోయాను.

కంపెనీ కట్టించిన వరస ఇండ్లలో ఒక గది, ముందు చిన్న వాకిలి. బావ బాయిలో పొద్దుటి పాళీ పని ముగించుకుని వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. ఎంత రుద్దినా కళ్ళ అంచుల్లో నల్లగానే ఉంది. గోనెసంచి విప్పగానే ముఖం వెలిగింది. "ఏం బామ్మర్ది, సుద్దముక్క తెచ్చినవా?" అన్నాడు. అక్క లోపల రొట్టెలు చేస్తూ నవ్వింది, నాకు కొంత ఊపిరి ఆడింది.

చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, మొదట వేళ్ళ వెనక వైపుతో పుల్లలను ఒక చుట్టు తాకాడు. ఆగాడు. ఇంకో చుట్టు తాకాడు. చెయ్యి దులుపుకుని, లుంగీకి రుద్దుకుని, మళ్ళీ తాకాడు. తట్ట మోసి, పార పట్టి, ఏడాదిలోపే ఆ వేళ్ళ మీద చర్మం ఎద్దు మెడలా కాయలు కాసింది. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు అట్లాగే తాకి చూశాడు, తర్వాత చక్రాన్ని గోడకు ఆనించి పెట్టాడు.

"వేళ్ళు మొద్దువారినయి బామ్మర్ది. అన్ని పుల్లలు ఒక్కతీరుగనె అనిపిస్తున్నయి" అన్నాడు. గుంట లేదు, చిమ్టా లేదు, అందుకని అయి ఉంటుంది అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అక్క రొట్టెలు చేయడం ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పుడు చెప్పాను. పుస్తకం పూర్తిగా చదవకుండా ఇచ్చేశానని, మిగిలిన పుటలో ఏమున్నదో, అది ఎప్పుడు చదివానో, ఎవరికీ చెప్పలేదన్న సంగతితో సహా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"గది నాకెరుక" అన్నాడు బావ. "ఏ చక్రమైనా గంతేనని ఉస్తాద్ మొదటి దినమే చెప్పిండు. దానికి గూడ చావీ పడాలెనని గా దినం అనబోయిన. నువ్వు పుస్తకం పేరు జెప్పి పదిమందిల నిలవడ్డవ్. నీది తప్పంటె రేపు నిన్నెవడు అడుగుతడు? మనోళ్ళల్ల ఒక్కడంటె ఒక్కడు సదివిండు. వాన్ని గూడ మనమే పడగొట్టుకోవాల్నా?"

నేను కింద పడి ఉన్న గోనెసంచిని దగ్గరికి లాక్కున్నాను. అక్క లోపలి నుంచే, "ఇగ లెవ్వుండ్రి, రొట్టె సల్లగైతది" అంది. తిన్నాం. సాయంత్రం బండికి ఆ చక్రాన్ని గోనెసంచిలో మళ్ళీ చుట్టుకుని, వచ్చినట్టే ఊగే చక్రంతో తిరిగి వచ్చాను.

బావ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలోనే చేశాడు. పిల్లలు అక్కడే స్థిరపడ్డారు. ఆయనా పోయాడు, అక్కా పోయింది. మా సంఘం ఎప్పుడో మూతపడింది, మగ్గాలున్న ఇండ్లలో ఇప్పుడు గుంటలు పూడ్చి బండలు పరిచారు. నేను ఆ తర్వాత చివరి పుట దాకా చదవకుండా ఏ పుస్తకమూ తిరిగి ఇవ్వలేదు. అది పశ్చాత్తాపమని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదీ ఒక రకం గర్వమేననిపిస్తుంది. పుస్తకం పూర్తి చేయకపోవడం ఒక్కటే నా తప్పయినట్టు.

ఈ మధ్య మా ఇంట్లో నేను ఏది చెప్పినా ఎవరూ వెంటనే నమ్మరు. ఈ మందు పాలతో వేసుకోవద్దన్నా, ఫలానా ఊరు నదికి ఏ ఒడ్డున ఉందో చెప్పినా, ముందు ఫోనులో చూసుకుంటారు. ఒక్కోసారి నేను చెప్పినదే నిజమని తేలుతుంది, అప్పుడు కూడా అది ఫోను చెప్పిన మాటే అవుతుంది. నా ఈడు వాళ్ళు కొందరు దీనికి బాధపడతారు, పెద్దవాళ్ళకు విలువ లేకుండా పోయిందంటారు. నాకు బాధగా లేదు. ఒక వాడంతా ఒక్కడి మాట నమ్మి, వాడు చెప్పినది తప్పయినప్పుడు బాటను తిట్టుకుని, తమ కాళ్ళను తిట్టుకుని, తెలిసిన వాడు కూడా నోరు మూసుకుని బొగ్గులోకి దిగిపోయిన కాలం నాకు తెలుసు. అంతగా నమ్మించుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు ఎవరూ అట్లా నమ్మరు, అది మంచిదేననుకుంటాను. కాకపోతే ఒకరి మాట నిలబెట్టడానికి ఇంకొకరు అట్లా నోరు మూసుకోరు కూడా. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చి చెప్పమని ఇప్పుడు నన్ను ఎవరూ అడగరు. అడిగినా, చెప్పే ఓపిక నాకు లేదు.